గృహిణుల పుట: బెజవాడలో క్రొత్త కాపురము



కృష్ణా డెల్టాలోని పల్లెలనుండియు చిన్న పట్టణములనుండియు ఏటేట ఎన్నియో కుటుంబములు విజయవాడకు తరలి వచ్చుచున్నవి. కొందఱు పిల్లల చదువునకై, కొందఱు ఉద్యోగమునకై, మఱికొందఱు ముసలివారి వైద్యమునకై వత్తురు. వీరిలో చాలమందికి ఊరు క్రొత్తది కాదు. దుర్గమ్మ దర్శనమునకో, పెండ్లి బట్టలకో పలుమాఱులు వచ్చి పోయినవారే. కాని దర్శనమునకు వచ్చినపుడు కనబడు ఊరు వేఱు, కాపురమునకు వచ్చినపుడు కనబడు ఊరు వేఱు. అందుచే ఈ నెల ఈ పుటయందు, బెజవాడలో చిరకాలముగా కాపురముండు గృహిణులు క్రొత్తవారికి చెప్పు మాటలను కూర్చి, వానికి మా అభిప్రాయములను జోడించి ప్రకటించుచున్నాము.

ఇల్లు చూచుట

మన కుటుంబములలో ఇల్లు కుదుర్చు పని సాధారణముగా పురుషులదై యున్నది. వారు అద్దె యెంత, ఆఫీసు ఎంత దూరము, బండి నిలుపుటకు చోటు కలదా లేదా యని చూచి, అడ్వాన్సు ఇచ్చి వచ్చెదరు. ఆ యింటిలో పగలంతయు గడపవలసినది మాత్రము గృహిణి. కుళాయి ఏ వేళకు వచ్చునో, వంటయింటికి గాలి యాడునో లేదో, పడమటి యెండ ఏ గదిలో పడునో ఆమె చూచినట్లు మఱియొకరు చూడలేరు. కావున ఇంటి యిల్లాలు స్వయముగా పోయి చూడనిదే అడ్వాన్సు ఇయ్యరాదనునది మా మొదటి మాట.

ఆమె పోయినపుడు మొట్టమొదట అడుగవలసినది అద్దెను గూర్చి కాదు. "2024లో ఇచ్చటికి నీరు ఎంతవఱకు వచ్చినది?" అని అడుగవలెను. ఈ ప్రశ్న ఇంటి యజమానిని కాక ప్రక్కయింటి యామెను, వీధి మొగలోని కిరాణా కొట్టువానిని అడుగుట మేలు. యజమానికి ఇల్లు అద్దెకు పోవలెనను తొందర యుండును. పొరుగువారికి ఆ తొందర లేదు. వారు చేయి చాపి గోడమీద చూపెదరు. ఆ చేయి మోకాలివద్ద ఆగినదో, తలమీదికి పోయినదో చూచుకొని తరువాత అద్దె మాట మాటాడవచ్చును.

ఊరికి గల రెండు నీళ్లు

బెజవాడకు వఱద రెండు త్రోవల వచ్చును. రెంటి స్వభావములును వేఱు.

మొదటిది కృష్ణ. 1855లో పూర్తియైన పాత ఆనకట్ట స్థానమున 1957లో నిర్మాణమైన ప్రకాశం బ్యారేజీవద్ద ఈ నీటిని కొలుతురు. నదినుండి 3.97 లక్షల క్యూసెక్కులు పోవునపుడు మొదటి ప్రమాద హెచ్చరికయు, 5.69 లక్షలు దాటినపుడు రెండవ హెచ్చరికయు ప్రకటింతురు. శ్రీశైలము, నాగార్జునసాగరము, పులిచింతల దాటి వచ్చు నీరు గనుక సాధారణముగా దాని వార్త దానికంటె ముందుగా వచ్చును. సామాను సర్దుకొనుటకు వ్యవధి యుండును. 2024 సెప్టెంబరు 2వ తేదీన బ్యారేజీమీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల నీరు పోయెను. అంతటి ప్రవాహములోను కృష్ణలంకలోని పెక్కు వీధులను నది యొడ్డున కట్టిన రక్షణగోడ కాపాడెను.

రెండవది బుడమేరు. ఇది మైలవరము వైపు కొండలలో కురిసిన వాననీటిని తెచ్చి కొల్లేటిలో కలుపు ఏరు. వేసవిలో చూచినవారికి మురుగుకాలువవలె తోచును. ఊరివారు దీనికి దుఃఖదాయిని యని పేరు పెట్టిరి. దీని వఱదను వెలగలేరువద్ద మళ్లించి, వేఱొక కాలువద్వారా బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుచున్నారు. 2024 ఆగస్టు చివర కురిసిన కుంభవృష్టికి ఆ మళ్లింపు కాలువకు గండ్లు పడెను. సింగునగరు, పాయకాపురము, వాంబే కాలనీ మొదలగు పేటలు మునిగెను. తెల్లవాఱులోపల నేల అంతస్తులు నిండెను; దినముల తరబడి జనులు పాలును, త్రాగునీరును, దీపమును లేక పై అంతస్తులలో చిక్కుకొనిరి. పడవలమీదను, హెలికాప్టర్లమీదను, డ్రోనులమీదను వారికి ఆహారము అందింపవలసి వచ్చెను.

ఈ రెంటికి గల భేదము గృహిణి మఱువరాదు. కృష్ణ చెప్పి వచ్చును. బుడమేరు చెప్పక వచ్చును. నది యొడ్డునుండువారు బ్యారేజీ లెక్కను వినవలెను. బుడమేటి వైపుండువారు బ్యారేజీ లెక్కను నమ్ముకొని నిద్రింపరాదు. మైలవరము వైపు రాత్రియంతయు వాన కురిసినదని విన్నచాలు, లేచి సామాను పైకెత్తవలెను.

ఆ పేటలలో ఎవ్వరును ఉండరాదని మేము చెప్పుట లేదు. వేలకొలది కుటుంబములు అచ్చట చిరకాలముగా ఉన్నవి. కొద్ది జీతమువారికి అద్దె అందుబాటులో నుండునది అచ్చటనే. కాని తెలిసి యుండుట వేఱు, తెలియక యుండుట వేఱు. వీలైనచో మొదటి అంతస్తు చూచుకొనుడు. మోకాళ్ల నొప్పులుగల అత్తగారో, మంచము పట్టిన మామగారో ఉన్నవారికి మెట్లెక్కుట కుదురదు గనుక నేల అంతస్తు తప్పదు. అట్టివారు మేడమీది వారితో మొదటి నెలలోనే స్నేహము చేసికొనవలెను. వాన హెచ్చరిక రాగానే, నీటి చుక్క గుమ్మము తొక్కకమునుపే, పెద్దవారిని ఎవరి యింటికి చేర్పవలెనో, ఎవరు ఎత్తుకొని పోవలెనో ముందే మాటాడి పెట్టుకొనవలెను. నడుములోతు నీటిలో ముసలివారిని మోయుట ఎంత కష్టమో ఆ పేటలవారి నడిగిన చెప్పెదరు.

వర్షకాలపు మూట

జూను నెల రాగానే ప్రతి యింటను ఒక మూట సిద్ధము చేసి అటకమీద నుంచుట మంచిది. అందులో ఆధారు, రేషను కార్డు, బ్యాంకు పుస్తకములు, పొలము కాగితములు, పిల్లల సర్టిఫికెట్లు, అద్దె ఒప్పందము నీరు చొరని సంచిలో పెట్టి మూతి బిగింపవలెను. వాని ఫొటోలు తీసి ఊరిలోలేని పుట్టింటివారికి పంపి యుంచుట మఱియు మేలు. చక్కెరజబ్బునకు, రక్తపుపోటునకు వాడు మందులు వారము దినములకు సరిపడ నుంచుడు. అటుకులు, మరమరాలు, బెల్లము, వేరుసెనగపప్పు, పసిపిల్లలున్నచో పాలపొడి, ఒక టార్చిలైటు, ఫోనునకు పవర్ బ్యాంకు, నిండు నీటి టిన్నులు రెండు ఉన్నచో మొదటి రెండు దినములు గడచిపోవును. వఱదలో చుట్టును నీరే యుండును. త్రాగుటకు మాత్రము చుక్క దొరకదు.

నీరు తీసిన పిమ్మట తొందరపడరాదు. తడిసిన గోడలుగల యింటిలో ఎలక్ట్రీషియను చూడనిదే మెయిను వేయరాదు. నేలలోని సంపులో వఱదనీరు చేరినచో దానినంతయు తోడించి, కడిగి, బ్లీచింగు వేయించిన తరువాతనే వాడవలెను. వఱదనీరు తగిలిన బియ్యము, పిండి, కూరలు ఎంత ప్రియమైనను పారవేయవలెను. త్రాగునీటిని తెర్లకాగిన పిమ్మట ఇంకొక నిమిషమైనను కాచి చల్లార్చుడు. విరేచనములు పట్టుకొన్నవారికి లీటరు మంచినీటిలో 6 టీచెంచాల పంచదారయు, అర టీచెంచా ఉప్పును కలిపి కొంచెము కొంచెముగా పట్టింపవలెను. పిల్లవాడు సొమ్మసిల్లినను, మూత్రము ఆగినను ఇంటివైద్యము మాని ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

మఱియొక మాట. 2024లో మునిగిన యిండ్లలో నేల అంతస్తు కుటుంబమునకు 25,000 రూపాయలును, పై అంతస్తులవారికి 10,000 రూపాయలును ప్రభుత్వము ప్రకటించెను. ఇట్టి సాయము లెక్క వ్రాయువారు ఇంటింటికి వచ్చినపుడు నిర్ణయమగును. అద్దెకున్నవారు తాము ఆ యింటనే యున్నట్లు చూపు కాగితమును దగ్గఱ నుంచుకొనవలెను. కడిగివేయకమునుపే గోడమీది నీటి గుర్తును, పాడైన వస్తువులను ఫొటో తీసి యుంచవలెను.

కొండమీది కాపురము

నీటికి వెఱచి కొండయెక్కువారును కలరు. మొగల్రాజపురము, గుణదల, చిట్టినగరు వైపు కొండవాలులలో ఇండ్లు మెట్లు మెట్లుగా నున్నవి. గాలి బాగుగా వీచును. ఊరంతయు కన్నులపండువుగా కనబడును. కాని 2024 ఆగస్టు 31వ తేదీననే మొగల్రాజపురమున కొండచరియ విఱిగి ఇండ్లమీద పడి ప్రాణములు పోయినవి. కావున ఇంటివెనుక బండలను, వాని క్రిందిమన్నును చూడుడు. ఎడతెగని వానలో వెనుకగోడనుండి బురదనీరు ఊరినను, నేల క్రొత్తగా బీట వాఱినను, చిన్నరాళ్లు దొర్లినను, సామాను మాట తలపెట్టక పిల్లలతో క్రిందికి దిగిపోవలెను. నీళ్ల బిందెలును గ్యాసు బండయు ఎవరు మోయవలెనో కూడ ఇల్లు తీసికొనకమునుపే ఆలోచింపుడు.

ఎండకాలము

బెజవాడ యెండ పేరు మోసినది. రోహిణీకార్తెలో రోళ్లు పగులునను సామెత ఇచ్చట వినినపుడు అతిశయోక్తిగా తోచదు. చుట్టునున్న రాతికొండలు పగలంతయు కాగి రాత్రి చాల ప్రొద్దుపోవువఱకు సెగ విడుచును. వఱదకు నేల అంతస్తు ఎట్లో, ఎండకు చివరి అంతస్తు అట్లు. మధ్య అంతస్తు దొరికినవారు అదృష్టవంతులు. డాబా క్రింద నుండవలసివచ్చినవారు ఫాల్గుణములోనే పైకప్పునకు సున్నము వేయించిన గది కొంత చల్లబడును.

పదకొండు గంటలలోపల బయటి పనులు ముగించుకొని, నాలుగు దాటినగాని గడప దాటకుండుట ఊరివారి యలవాటు. పలుచని మజ్జిగలో ఉప్పును నిమ్మరసమును వేసి పిల్లలకు, పనిమనిషికి, గుమ్మములోనికి వచ్చిన కూరలమ్మికి కూడ ఇయ్యవలెను. ముంజలు వచ్చు దినములలో వానికి మించిన పలహారము లేదు. ఒడలు కాలిపోవుచు, మాట తడబడి, తెలివి తప్పినచో అది వడదెబ్బ. అట్టివారిని నీడకు చేర్చి, ఒడలంతయు తడిగుడ్డలతో తుడిచి, విసరుచు, 108కి ఫోను చేయవలెను. తెలివిలేనివారి నోటిలో నీరు పోయరాదు.

అంగడి, ప్రయాణము

కూరగాయలకు 1999లో మొదలైన రైతుబజారులు గృహిణులకు మంచి యాధారము. ధరలు పలకమీద వ్రాసి యుంచెదరు గనుక బేరముతో పనిలేదు. తెల్లవాఱుజామున పోయినవారికి లేతకూర దొరకును. వన్‌టౌనులో, ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి సభాపతియగు అయ్యదేవర కాళేశ్వరరావుగారి పేర వెలసిన మార్కెట్టు కలదు. బీసెంటు రోడ్డులో గాజులకు, రవికెల గుడ్డలకు బేరము తప్పదు. ఆవకాయ దినములలో కాయలు కొన్నచోటనే ముక్కలు కొట్టించుకొనవచ్చును. తుడుచుటకు పొడిగుడ్డ మాత్రము ఇంటినుండి తీసికొనిపోవలెను. నున్న మామిడి మార్కెట్టు ప్రక్కనే యుండగా కాయకు కొదువ లేదు.

2025 ఆగస్టు 15వ తేదీనుండి రాష్ట్రములోని స్త్రీలకు పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ మొదలగు బస్సులలో టిక్కెట్టు సొమ్ము లేదు. ఆధారు వంటి గుర్తింపు కార్డు చూపిన చాలును. ఏ.సి. బస్సులకు ఇది వర్తింపదు. ఇంతకుమున్ను ఛార్జీకి వెఱచి పుట్టింటికి పోనివారును, ఆసుపత్రికి మఱునాడు పోదమని వాయిదా వేసికొన్నవారును దీనిని వాడుకొనవలెను. చీకటిపడిన పిదప ఆటో యెక్కునపుడు దాని నంబరు ఇంటికి తెలుపుడు. ఆపదలో 112, స్త్రీల సహాయమునకు 181 గుర్తుంచుకొనుడు. పోలీసులమని, బ్యాంకువారమని బెదరించి సొమ్ము అడుగు ఫోను వచ్చినచో మాటాడక పెట్టివేయవలెను. సొమ్ము పోయినచో వెంటనే 1930కి తెలుపవలెను.

చుట్టములు

బెజవాడలో ఇల్లున్నవారికి చుట్టములకు కొదువ యుండదు. రైలు మాఱువారు, ఆసుపత్రికి వచ్చువారు, దసరాకు వచ్చువారు అందఱును మన గుమ్మమే త్రొక్కుదురు. 2016లో వచ్చిన కృష్ణా పుష్కరములు తిరిగి 2028లో రానున్నవి. అతిథులను ఆదరించుట మన ధర్మమే. కాని మీ కుళాయి వేళలను, మీ యింటి నీటి టిన్నుల లెక్కను వారికి నవ్వుచునే తెలుపుడు. దసరాలో మూలానక్షత్రమునాడు కొండకు పోవువారు పిల్లల చేతికి ఫోను నంబరు వ్రాసిన చీటి కట్టవలెను.

చివరి మాట

ఊరినుండి వచ్చిన క్రొత్తలో తలుపు వేసికొని కూర్చుండుట పట్టణపు మర్యాదయని కొందఱు తలంతురు. మేమట్లు తలంపము. ఇన్ని సలహాలలో సగము, పొరుగువారిని ఎఱిగినపుడుగాని పనికిరావు. గోడమీది నీటి గుర్తును చూపునది ప్రక్కయింటి యామె. ముసలివారికి మేడమీద చోటిచ్చునది ఆమెయే. అర్ధరాత్రి నీరు వచ్చుచున్నదని తలుపు తట్టి లేపునదియు ఆమెయే. కావున పాలు పొంగించిననాడే ఆ పాయసము నాలుగిండ్లకు పంచి, వారి ఫోను నంబర్లు వ్రాసికొని రండు. రేపు మీ తరువాత వచ్చు మఱియొక ఇల్లాలు వీధిలో నిలిచి మిమ్ము అదే ప్రశ్న అడుగును. అపుడు మీరు మొగమాటపడక, నీరు ఎంతవఱకు వచ్చినదో చేయి చాపి నిజము చూపవలెనని కోరుచున్నాము.