రక్తం కొలుస్తున్నారు సరే, మన కంచం ఎవరు కొలుస్తారు?



2023 జూలై 1న జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. మన గూడేలకు, హాస్టళ్లకు వచ్చి రక్త పరీక్షలు చేస్తున్నారు. మంచిదే, అందరం చేయించుకోవాలి. కానీ చివర్లో చెప్పే మాట ఒకటే: "రక్తం తక్కువుంది, బాగా తినండి." ఏం తినాలి? రోజూ తింటున్న దాంట్లో ఇనుము ఎంత, జింక్ ఎంత? సీసం, ఆర్సెనిక్ లాంటివి ఏమైనా కలుస్తున్నాయా? మన రక్తం లెక్క మన చేతికిస్తున్నారు, మన కంచం లెక్క మాత్రం ఇవ్వడం లేదు.

అసలు లెక్కలే లేవని కాదు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాల పట్టిక వేసింది. అందులో 100 గ్రాముల చోళ్ళలో కాల్షియం 364 మిల్లీగ్రాములు, పాలిష్ బియ్యంలో 7.5. ఇనుము చోళ్ళలో 4.6, బియ్యంలో 0.65. జింక్ చోళ్ళలో 2.5, బియ్యంలో 1.2. చోడి అంబలి తాగేవాళ్లని వెక్కిరించినవాళ్లకి ఈ అంకెలే జవాబు. పైగా చోళ్ళలోని ఫైటిక్ ఆమ్లం ఇనుమును పట్టి ఉంచుతుంది, పిండిని రాత్రంతా పులియబెడితే అది తగ్గుతుంది. మన అవ్వలు ల్యాబ్ లేకుండానే ఆ పని చేశారు.

అయితే అది దేశం మొత్తానికి సగటు లెక్క. పంటలోకి ఏ లోహం ఎంత ఎక్కుతుందనేది నేలను బట్టి, నీటిని బట్టి, విత్తనాన్ని బట్టి మారుతుంది. మన కొండ సామలకి, మన దుంపలకి, మన ఆకుకూరలకి విడిగా లెక్క కావాలి.

ఇక రేషన్ బియ్యం సంగతి. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించాక రేషన్‌లోకి, బడి భోజనంలోకి ఇనుము కలిపిన బియ్యం వచ్చింది. కడిగితే తేలుతున్నాయని, ప్లాస్టిక్ బియ్యమని కొందరు ఏరి పారేస్తున్నారు. అవి ప్లాస్టిక్ కాదు, బియ్యప్పిండిలో పోషకాలు కలిపి చేసిన గింజలు. వంద గింజలకి ఒకటి చొప్పున కలుపుతారు. నిబంధన ప్రకారం కిలోకి 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలి. మొదట్లో సికిల్ సెల్ ఉన్నవాళ్లు తినొద్దని సంచి మీద హెచ్చరిక ఉండాలన్నారు. 2024లో, ప్రమాదం లేదని చెప్పి ఆ హెచ్చరికను తీసేశారు. తరచూ రక్తం ఎక్కించుకునేవాళ్ల ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది కాబట్టి వాళ్లు డాక్టర్‌ని అడిగే తినాలి. మిగిలినవాళ్లు భయపడి అన్నం మానేయొద్దు. మన ప్రశ్న వేరు. సికిల్ సెల్ ఎక్కువగా ఉన్న మన ప్రాంతాల్లో, మన హాస్టల్‌కి వచ్చిన సంచిలో ఇనుము నిజంగా ఎంత ఉందో ఎవరైనా చూశారా? తక్కువైతే ఉపయోగం లేదు, ఎక్కువైతే ఇబ్బంది.

కొలవడం సాధ్యమే. తిండిని ఎండబెట్టి, పొడి చేసి, నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, ఐసీపీ-ఎంఎస్ అనే యంత్రంలో పెడితే వంద కోట్ల వంతుల్లో ఒక వంతు లోహం ఉన్నా పట్టేస్తుంది. కానీ శాంపిల్ తీసేవాడికి ఒళ్లు దగ్గర ఉండాలి. కళ్లంలో అంటిన మట్టి ఇనుము లెక్కని పెంచేస్తుంది, ఆ ఇనుము ఒంటికి పెద్దగా పట్టదు. స్టీలు మిక్సీలో రుబ్బినా ఇనుము, క్రోమియం కలుస్తాయి. ఆర్సెనిక్ మొత్తం ఎంతో చెప్తే చాలదు, అందులో ఎక్కువ విషమైన అకర్బన రూపం ఎంతో విడిగా తేల్చాలి. కెమిస్ట్రీ చదివే మన తమ్ముళ్లు, చెల్లెళ్లకి ఇంతకన్నా మంచి ప్రాజెక్టు ఏముంటుంది?

కొలిస్తే ఏమొస్తుంది అనేవాళ్లు బంగ్లాదేశ్‌ని చూడండి. అక్కడ పసుపు మెరవడానికి సీసం ఉండే లెడ్ క్రోమేట్ రంగు కలిపేవాళ్లు. 2019లో మార్కెట్ శాంపిళ్లలో 47 శాతంలో అది దొరికింది. ప్రభుత్వం చేతిలో పట్టుకునే ఎక్స్‌రే పరికరాలతో అక్కడికక్కడే పరీక్షించి, జరిమానాలు వేసింది, జనానికి చెప్పింది. 2021 నాటికి ఆ సంఖ్య సున్నాకి వచ్చింది. మనమూ పసుపు పండించేవాళ్లమే. సంతలో అమ్మిన మన కొమ్ము కొండ దిగాక దానికి ఏ రంగు పూస్తారో మన చేతిలో లేదు. మన దగ్గర ఉన్నప్పటి లెక్క కాగితం మీద ఉంటే రేపు నింద మన మీద పడదు, ధర అడగడానికి బలం కూడా ఉంటుంది.

కాబట్టి మనం మూడు పనులు చేద్దాం. ఒకటి, హాస్టల్ బియ్యం, పప్పు, నూనె, తాగునీటి పరీక్ష రిపోర్టులు సమాచార హక్కు కింద అడుగుదాం. రెండు, 2006 ఆహార భద్రత చట్టం సెక్షన్ 40 ప్రకారం కొన్నవాళ్లెవరైనా ఫీజు కట్టి సరుకును పరీక్ష చేయించుకోవచ్చు. సంత సరుకుతో మొదలుపెడదాం. మూడు, మన పంటల నుంచి, మన తిండి నుంచి శాంపిల్ తీసుకెళ్లే ఏ సంస్థ అయినా ఫలితాన్ని మన భాషలో గ్రామసభకి తిరిగి చెప్పాలని తీర్మానం చేయిద్దాం. ఇంతవరకూ మన దగ్గర నుంచి పట్టుకెళ్లడమే గానీ తెచ్చి ఇచ్చింది తక్కువ.

మన తిండి గొప్పదని పాటలు పాడుకుంటే చాలదు. అంకెతో చెప్పాలి. ఎక్కడైనా చెడు కనబడితే అది కూడా దాచకుండా మనమే ముందు చెప్పాలి.

ఆలోచించండి. మీ ఊళ్లో ఏ పంటతో మొదలుపెట్టాలో ఇంట్లో అవ్వనీ, అమ్మనీ అడగండి.