తెర మీది పాఠం, చేతి కింది కీబోర్డు

ఇంటర్ ముగించిన పిల్లను ఏ డిగ్రీలో చేర్పించాలన్న చర్చ జరిగే ఇళ్లలో నేడు ఒక మాట తరచుగా వినిపిస్తున్నది: "ఏది చదివినా కంప్యూటర్ రావాలి కదా!" నిజమే. బ్యాంకు గుమాస్తా ఉద్యోగానికి పరీక్ష రాయవలసింది కంప్యూటర్ ముందే. మీ సేవ కేంద్రంలో కూర్చున్నా ఎదుట ఉండేది అదే. ఈ అవసరాన్ని గుర్తించిన విశ్వవిద్యాలయాలు కంప్యూటర్ బోధనలో వీడియో పాఠాలకు చోటు పెంచుతున్నాయి. దీనిని స్వాగతించవలసిందే. అయితే ఆ వీడియో కంప్యూటర్‌కు తోడుగా వస్తున్నదా, బదులుగా వస్తున్నదా అన్నది మన కుటుంబాలు పట్టించుకోవలసిన విషయం.

వీడియో పాఠం మన సముదాయానికి ప్రత్యేకంగా ఉపకరించడానికి కారణం ఉన్నది. ఇంట దక్కనీ మాట్లాడుతూ తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి ఉర్దూ చెవికి తెలుసు, కంటికి తెలియదు. దూదేకుల కుటుంబాలలో తెలుగే ఇంటి భాష. ఉర్దూ మాధ్యమంలోనో మదరసాలోనో చదివినవారికి ఉర్దూ లిపి వచ్చినా ఆంగ్ల పాఠ్యగ్రంథం కొరుకుడుపడదు. పుస్తకాన్ని ఏ లిపిలో అచ్చువేసినా వీరిలో ఎవరో ఒకరు వెలుపలే మిగిలిపోతారు. వినిపించే పాఠానికి ఈ చిక్కు చాలావరకు లేదు.

బొంబాయి ఐఐటీ వారు కేంద్ర ప్రభుత్వ నిధులతో రూపొందించిన స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు ఇందుకు మంచి ఉదాహరణ. ఒక్కొక్కటి దాదాపు 10 నిమిషాలు. తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలోకి వ్యాఖ్యానాన్ని మార్చారు గాని, తెర మీద కనిపించే ఆంగ్లాన్ని మార్చలేదు. ఉద్యోగంలో ఎదురయ్యేవి ఆంగ్ల మెనూలే కనుక ఇది వివేకవంతమైన నిర్ణయం. విద్యార్థి తెరలో ఒక సగాన పాఠాన్ని, మరో సగాన లిబ్రేఆఫీస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ను తెరిచి, మెట్టుమెట్టుకూ వీడియోను నిలిపి, తాను చేసి చూసుకొని ముందుకు సాగాలి. ఇంటర్నెట్ లేని చోట పాఠాలను ముందే దించుకొని వాడుకోవచ్చు. తరగతిలో రెండోసారి అడగడానికి సంకోచించే పిల్ల ఇక్కడ పదిసార్లు వెనక్కు తిప్పి వినగలదు. అధ్యాపకుని ముఖం చిట్లదు.

కాని ఈ పద్ధతిలోనే ఒక షరతు దాగి ఉన్నది. తెరలో ఆ రెండో సగం ఉండాలి. ఫోనులో అది లేదు. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో కంప్యూటర్ ఉన్న కుటుంబాలు 10.7 శాతం, గ్రామాలలో 4.4 శాతం మాత్రమే. తరువాతి కాలంలో ఇంటింటా పెరిగినవి ప్రధానంగా ఫోన్లు. అన్న నిద్రపోయాక అతని ఫోను అందుకొని స్ప్రెడ్‌షీట్ పాఠం చూసే చెల్లెలి శ్రమ గట్టున కూర్చుని ఈత నేర్చుకోవడమే. 2017లో 32 చానళ్లతో ఆరంభమైన స్వయం ప్రభ టీవీ ప్రసారాలకూ ఈ పరిమితి వర్తిస్తుంది. పాఠాన్ని రోజులో మళ్లీ మళ్లీ ప్రసారం చేసినా, విద్యార్థి కోసం అది ఆగదు. చరిత్రకు చాలే మాధ్యమం కీబోర్డు విద్యకు చాలదు.

హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం పార్లమెంటు చట్టంతో 1998లో ఏర్పడింది. ఉర్దూ మాధ్యమంలో వృత్తి, సాంకేతిక విద్యలు అందించడం, స్త్రీ విద్యపై శ్రద్ధ వహించడం ఆ చట్టమే దానికి అప్పగించిన పనులు. ఉర్దూలో పాఠాలు చిత్రీకరించే మీడియా కేంద్రం ఆ సంస్థకు ఉన్నది. కడపలో పాలిటెక్నిక్ కూడా నడుస్తున్నది. అక్కడ తయారయ్యే కంప్యూటర్ పాఠాలకు తెలుగు లిపిలో ఉపశీర్షికలు జోడిస్తే, చెవికి ఉర్దూ, కంటికి తెలుగు అయిన మన పిల్లలకు ఎంతో మేలు. కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఈ పనిలో చేయి కలపవచ్చు. ఇది కోట్ల రూపాయల పథకం కాదు.

ఖర్చయ్యేది ల్యాబుకు. అందుకే వీడియో వచ్చింది కదా అని ల్యాబు వేళలను కుదించాలన్న ఆలోచన ఏ కళాశాలకు కలిగినా మనం అభ్యంతరం చెప్పాలి. పరీక్ష కూడా కాగితం మీద కాక, యంత్రం ముందు చేయించి పెట్టాలి. (మన ఇళ్లలోనూ ఒక దిద్దుబాటు అవసరం. కొడుక్కి ల్యాప్‌టాప్ కొని, కూతురికి ఫోను చాలుననే తండ్రికి ఏ విశ్వవిద్యాలయమూ సాయపడలేదు.)

ప్రవేశాల సమయంలో తల్లిదండ్రులు ఫీజు ఎంతని అడుగుతారు, హాస్టల్ ఉన్నదా అని అడుగుతారు. ఇకపై మరికొన్ని అడగండి. పనిచేస్తున్న కంప్యూటర్లు ఎన్ని? ఒక్కొక్క విద్యార్థికి వారానికి ఎన్ని గంటలు దక్కుతాయి? ఆడపిల్లలు చీకటిపడక ముందే ఇంటికి చేరేలా ల్యాబు వేళలు ఉన్నాయా? సెలవు రోజున తెరుస్తారా? ప్రభుత్వ విశ్వవిద్యాలయం జవాబు దాటవేస్తే సమాచార హక్కు చట్టం ఉన్నది. కేంద్ర సంస్థలకు దరఖాస్తు రుసుము 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికి ఉచితం. 30 రోజులలో రాతపూర్వకంగా సమాధానం ఇవ్వాలి. ఆ సమాధానాలు అందినవారు మాకు పంపితే ఈ పుటలలో ప్రచురిస్తాము.