పాత బండి: యజమాని విధి, ప్రభుత్వ విధి

పదునైదేండ్లు నిండిన మోటారు బండిని ఏమి చేయవలెనను ప్రశ్న నేడు మన పట్టణములలోను, పల్లెలలోను పెక్కు గృహములయందు చర్చకు వచ్చుచున్నది. పెద్ద బండ్లు గలవారికి ఈ ప్రశ్న మఱింత కఠినమైనది. చిన్న కారు నమ్మినవాడు మఱియొక చిన్న కారును సులభముగనే సంపాదించుకొనగలడు. ఏడెనిమిదిమందిని ఎక్కించుకొని, విత్తనపు బస్తాలను వెనుక వేసికొని, వానకాలమున డొంకదారి బురదలో నడువగల బండిని వదలుకొన్నవానికి అట్టిదే క్రొత్తది కావలెనన్న పదునైదు ఇరువది లక్షల మాట. కావుననే యీ విషయమున మా అభిప్రాయమును పాఠకుల యెదుట నుంచుట కర్తవ్యమని తలంచితిమి.

టాటా సఫారీ చరిత్రమునే ఉదాహరణముగా గైకొందము. 1994లో టాటావారు సుమోను విడుదల చేసిరి. తమ సంస్థను పెంచిన సుమంత్ మూల్గావ్‌కర్ గారి నామమునందలి తొలి అక్షరములను కూర్చియే దానికి ఆ పేరు పెట్టిరి. 1998లో సఫారీ వచ్చెను. 2005లో దానికి మూడు లీటర్ల డైకార్ ఇంజనును, 2007లో నూటనలువది గుఱ్ఱముల శక్తిగల రెండు పాయింటు రెండు లీటర్ల ఇంజనును అమర్చిరి. పరదేశపు బండ్లను చూచి నిట్టూర్చుచుండిన మనవారు, మన కర్మాగారములోనే పుట్టిన యింత పెద్ద బండిని చూచి గర్వించిరి. ఉక్కు ఛాసీపై దేహమును బిగించిన ఆ పాత నిర్మాణము 2019లో ఆగిపోయినది. 2021లో ఆ నామము మరల వచ్చినదిగాని, వస్తువు వేఱు. కావున నేడు పాత సఫారీ గలవాడు, ఇక పుట్టని జాతికి చెందిన బండిని పోషించుచున్నవాడు.

పోషణమనుమాట నెఱిగియే వాడితిమి. ఏనుగును కొని అంకుశమునకు బేరమాడు స్వభావము మనవారిలో పెక్కుమందికి గలదు. రెండు టన్నుల బరువుగల బండి లీటరు డీజిలుకు పది కిలోమీటర్లకు అటునిటుగా నడచును. ఆ వ్యయమునకు ఓర్చుకొన్నవారే ఆయిలు మార్చుటకు వెనుదీయుదురు. బండిని చంపునది వయస్సు కాదు, ఉపేక్ష. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. రెండేండ్లకొకమారు మార్చనిచో పల్లపు దారిలో వేడెక్కి ఆవిరి పుట్టి పెడలు మెత్తబడును. రేడియేటరులో వట్టి బోరునీరు పోసినచో లోపల పాచి, తుప్పు పట్టి ఇంజను హెడ్డు వంగును. టైరు పైభాగము అరుగకున్నను లోని రబ్బరు ముదిరి పగులును. దాని ప్రక్క భాగమున అచ్చొత్తిన నాలుగంకెలలో మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపునని ఎందఱు యజమాను లెఱుగుదురు? సముద్రతీరపు జిల్లాలవారు వానకాలము వెళ్లగానే బండిని పైకెత్తించి, ఛాసీ అడుగున తుప్పును గీయించి పూత వేయింపవలెను. గోటితో పోవుదానిని గొడ్డలిదాక తెచ్చుకొనుట వివేకము గాదు.

మా మిత్రుడొకడు కృష్ణా డెల్టాలో వ్యవసాయదారుడు. అతని సఫారీ 2009 నాటిది. మూడేండ్ల క్రిందట కొన్ని వందల రూపాయలు కలిసివచ్చునని పేరులేని డీజిలు ఫిల్టరు నొకదానిని ఒక దుకాణములో కొనెను. ఆ ఫిల్టరు నీటిని ఆపలేదు. డైకార్ వంటి ఇంజనులలో డీజిలు మిక్కిలి గొప్ప ఒత్తిడితో సన్నని రంధ్రములగుండ చిమ్మబడును. అచ్చట నీటిబొట్టును ఇసుకరేణువుతో సమానమే. నాలుగు ఇంజెక్టర్లు చెడినవి. కోతల కాలమున బండి రెండు వారములు షెడ్డులో నిలిచినది. వందలు మిగిల్చినవాడు వేలకు వేలు చెల్లించెను. అయినను అతడు బండిని అమ్మలేదు. "తప్పు నాది, బండిని శిక్షింపనేల?" అని మాతో ననెను. ఈ వాక్యమునందు ఒక నీతి యున్నదని మేము తలంతుము.

అట్లని పాత బండిని గుడ్డిగా కొనియాడువారము మేము కాము. దానికి రెండు దోషములు గలవు. మొదటిది ప్రయాణికుల భద్రత. ముందు రెండు సీట్లకు గాలిసంచులు 2021 చివరనుండియే మన దేశమున తప్పనిసరియైనవి. అంతకు ముందటి బండ్లలో పెక్కింటికి అవి లేవు. ఎత్తైన బండి మలుపులలో బోర్లపడు ప్రమాదమును ఎక్కువ. పైకప్పుపై బస్తాలు వేసి వేగముగా నడుపువాడు తన కుటుంబమును పణముగా నొడ్డుచున్నాడు. రెండవది పొగ. నల్లని పొగ వచ్చినచో డీజిలెక్కువయై గాలి చాలలేదని యర్థము. నీలిపొగ ఇంజను ఆయిలు మండుచున్నదనుటకు గుర్తు. ఇవి రెండును చికిత్సకు లొంగునవియే. వానిని చూచియు చూడనట్లుండి వీధిలోని పసిపిల్లల ఊపిరితిత్తులలో మసి నింపుట స్వాతంత్ర్యము కాదు, పరపీడనము.

ఇక ప్రభుత్వ విధి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంత బండి రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును. పిమ్మట తగియున్నదని పరీక్షలో తేలినచో అయిదేసి యేండ్లకు పొడిగింతురు. ఇది న్యాయమైన పద్ధతి. 2021లో తుక్కు విధానము ప్రకటింపబడినది. 2022 ఏప్రిల్ 1 నుండి కారు రిజిస్ట్రేషను పొడిగింపు రుసుము ఆరువందలనుండి ఐదువేల రూపాయలకు పెంచబడినది. ఢిల్లీ ప్రాంతమున కథ వేఱు. పదేండ్లు దాటిన డీజిలు బండ్లను నిషేధించుచు 2015లో హరిత ట్రిబ్యునలు ఉత్తరువు చేసెను, 2018లో సుప్రీముకోర్టు దానిని బలపఱచెను. 2025 జూలైలో అట్టివానికి డీజిలు, పెట్రోలు పోయరాదని నియమము పెట్టి, ప్రజల యాగ్రహమును చూచి కొలది దినములకే వెనుకకు తీసికొనిరి. అదే సంవత్సరము ఆగస్టులో సుప్రీముకోర్టు వయస్సు నొక్కదానినిబట్టి యజమానులపై బలవంతపు చర్య తీసికొనరాదనెను. డిసెంబరులో ఆ రక్షణమును భారత్ స్టేజి నాలుగు, ఆపై ప్రమాణముల బండ్లకే పరిమితము చేసెను.

ఈ తుది మార్పులో ఒక సత్సూచన గలదు. కాలపట్టికను విడిచి కొలమానమువైపు న్యాయస్థానము ఒక అడుగు వేసినది. మఱియొక అడుగు వేయవలెను. ఏ ప్రమాణమున పుట్టినదను ప్రశ్నకు బదులు, నేడు ఏమి విడుచుచున్నదను ప్రశ్నను అడుగవలెను. ఇంటిలో నిలిచి నెలకు రెండుమార్లు పొలమునకు పోవు పదునాఱేండ్ల బండియు, రాత్రింబగళ్లు నడచి అలసిన ఆఱేండ్ల బండియు పరీక్ష యెదుట సమానముగ నిలువవలెను. ఐతే ఆ పరీక్ష నిజమైనదై యుండవలెను. బండిని చూడకుండ, గొట్టములో యంత్రమును పెట్టకుండ చేతికిచ్చు కాలుష్య పత్రము ప్రజలను వంచించు కాగితము మాత్రమే. ప్రతి జిల్లాకు యంత్రములతో నడుచు పరీక్షాకేంద్ర మేర్పడవలెను. తప్పిన బండికి బాగుచేసికొనుటకు గడువునిచ్చి, అప్పటికిని తప్పినచో నిస్సంశయముగ తుక్కునకు పంపవలెను.

మఱియొక మాట. విజయవాడ ఆటోనగరులో పాత ఇంజనును విప్పి, అరిగిన భాగమును గుర్తించి, మరల ప్రాణము పోయు పనివాండ్రు గలరు. ఈ విద్య ఏ కళాశాలలోను వారికి లభించినది కాదు. పాత బండ్లన్నియు ఒక్కనాట తుక్కైనచో వారి చేతులలోని విద్యయు తుక్కగును. బాగుచేయుటెఱిగిన జాతి చేయుటయు నేర్చును. పాఱవేయుట మాత్రమే నేర్చిన జాతి ఎల్లకాలము కొనుచునే యుండును.

కావున యజమానులకు మా విన్నపము స్పష్టము. బండిని ఉంచుకొందురా, బాగుగా ఉంచుకొనుడు. ఆయిలును, బ్రేకును, టైరును, పొగను మీరే పరీక్షించుకొని, సర్కారు పరీక్షకు నిర్భయముగ నిలువుడు. అది చేయలేనివారు నేడే దానిని తుక్కునకు ఒప్పగించుట మేలు. ప్రభుత్వమునకు మా విన్నపమును అంతే స్పష్టము. బండి పుట్టిన యేటిని లెక్కింపకుడు. దాని నడతను తూచుడు.