పదో గంట ఎవరిది?

2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఫ్యాక్టరీల చట్టానికి కొన్ని సవరణలు ఆమోదించింది. తొమ్మిది గంటల గరిష్ఠ పని పదికి పెరిగింది. మూడు నెలలకు 75 గంటలు దాటకూడదన్న ఓవర్‌టైం 144కు చేరింది. ఆ వరసలోనే స్త్రీలకు రాత్రి షిఫ్టు అనుమతి. మొదటి రెండూ పెట్టుబడుల కోసమట, మూడోది మహిళా సాధికారత కోసమట. ఈ మూడూ ఒకే కాగితం మీద ఎందుకున్నాయన్నదే నా ప్రశ్న.

రాత్రిపని నిషేధాన్ని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. 1948 చట్టంలోని ఆ నిబంధనను మద్రాసు హైకోర్టు 2000లోనే కొట్టేసింది, మంచిదే. నర్సు రాత్రంతా వార్డులో నిలబడితే ఎవరికీ కలగని ఆందోళన, కాస్త మెరుగైన జీతమొచ్చే యంత్రం దగ్గర స్త్రీ నిలబడేసరికి ఎందుకు కలిగిందో మనకు తెలియనిది కాదు. రాత్రి మనకూ కావాలి. అయితే ఎవరి షరతుల మీద?

సమ్మతి తప్పనిసరి అంటున్నారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలోనూ ఆ మాట ఉంది. సెల్‌ఫోన్లు తయారుచేసే ఆధునిక ఫ్యాక్టరీల్లో లైను మీద ఎక్కువమంది ఇరవై ఏళ్లకు అటూ ఇటూ ఉన్న అమ్మాయిలే, ఊరు విడిచి వచ్చినవాళ్లు. ఉద్యోగం కాంట్రాక్టరు ద్వారా, మంచం కంపెనీ చూపించిన హాస్టల్లో, రాకపోకలు కంపెనీ బస్సులో. రాత్రి షిఫ్టు వద్దంటే ఉద్యోగంతో పాటు తలదాచుకునే చోటూ పోతుందన్న భయం. అక్కడ పెట్టిన సంతకాన్ని సమ్మతి అనడం నాకు చేతకాదు.

2021 డిసెంబరులో శ్రీపెరుంబుదూరు ఫాక్స్‌కాన్ ఐఫోన్ ఫ్యాక్టరీ అమ్మాయిలు హాస్టల్ తిండి తిని జబ్బుపడ్డారు. 159 మంది ఆసుపత్రి పాలయ్యారు. తోటివాళ్లు చెన్నై - బెంగళూరు రహదారి మీద బైఠాయించారు. సుమారు 17,000 మంది పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి, మళ్లీ జనవరి 12న తెరుచుకుంది. కొన్ని వసతిగృహాలు, భోజనశాలలు ప్రమాణాలకు తగ్గట్టు లేవని ఆపిల్ కూడా ఒప్పుకోవాల్సి వచ్చింది. 2024లో అదే ప్రాంతంలో సిప్‌కాట్ 706 కోట్లతో 18,720 మంచాల హాస్టల్ కట్టింది. కార్మికురాలి నిద్ర కూడా ఉత్పత్తిలో భాగమేనని ఇప్పటికి అర్థమయినట్టుంది!

ఇక ఆ పోటీ సంగతి. 2023 ఫిబ్రవరిలో కర్ణాటక పన్నెండు గంటల పనికి వీలిచ్చింది. ఏప్రిల్‌లో తమిళనాడు శాసనసభ కూడా అదే బాట పట్టింది. యూనియన్లూ, ప్రభుత్వానికి మద్దతిచ్చే పక్షాలూ తిరగబడేసరికి మూడు రోజుల్లో ఆపేసి, మేడే నాడు వెనక్కి తీసుకున్నట్టు ప్రకటించింది. అయినా పెట్టుబడి పారిపోలేదు. 2023-24లో ఎలక్ట్రానిక్స్ ఎగుమతుల్లో దేశంలో మొదటి స్థానం తమిళనాడుదే. గంటలు పెంచకపోతే వెనకబడతామనే వాదన పొరుగింట్లోనే వీగిపోయింది.

అమ్మాయిల వేళ్లు చురుకు, ఓపిక ఎక్కువ అని మేనేజర్లు మెచ్చుకుంటారు. ఆ చురుకు పూలు కట్టీ, కుట్లు కుట్టీ ఏళ్ల తరబడి నేర్చుకున్న నైపుణ్యమని వేతన పట్టికలో మాత్రం రాయరు.

మన శ్రీసిటీలో 2015లోనే ఫోన్ల తయారీ మొదలయింది. సత్యవేడు, తడ, సూళ్లూరుపేట ప్రాంతాల్లో పనిచేస్తున్న మిత్రులకు ఒక విన్నపం. హాస్టళ్లకు వెళ్లినప్పుడు రాత్రి షిఫ్టు ఎంతమంది ఒప్పుకున్నారని కాదు, వద్దన్నవాళ్లకు ఆ తర్వాతి నెల ఏమయిందని అడగండి. పేర్లు లేకుండా రాసి పంపండి. వచ్చే సంచికలో వేస్తాం.