దిగు వేళ తెలిసి కొండ నెక్కవలెను

నల్లమల నడుమ నంద్యాల జిల్లాలో వెలసిన అహోబిలమునకు పోవువారిలో పెక్కుమంది దిగువ అహోబిలమందు ప్రహ్లాదవరదుని సేవించి, అచ్చటికి ఇంచుమించు 8 కిలోమీటర్ల దూరమున నున్న ఎగువ అహోబిలము వఱకు బస్సులోనో కారులోనో పోయి వచ్చి సంతృప్తులగుదురు. ఆ పైని కాలినడకన భవనాశిని వాగు వెంట సాగి, వరాహ నరసింహుని, జ్వాలా నరసింహుని దర్శించి, మఱియొక దారిని మాలోలుని సన్నిధికి వచ్చి, తిరిగి ఎగువ అహోబిలమునే చేరునట్టి కొండచుట్టు దారి యొకటి గలదు. శక్తిగలవారికి సైతము పగటిలో అధికభాగము ఈ నడకకే సరిపోవును. ఇట్టి దారికి బయలుదేరుచు ముందుగా వేళను, నీటిని, తోడును లెక్కించుకొనుట భక్తికి కొఱత యనియు, స్వామియే చేయిపట్టి నడిపించుననియు పలుకువారు నేడు ఎక్కువైనారు. ఈ మాటను నేనెంతమాత్రము అంగీకరింపజాలను. ఈ క్షేత్రమును కీర్తించిన తిరుమంగై ఆళ్వారే దీనిని సామాన్యులకు చేర శక్యముగాని చోటుగా వర్ణించెను. అంతటి భక్తుడు దాచక చెప్పిన దుర్గమత్వమును మనము లేనట్లు నటించుట భక్తి యెట్లగును?

అన్నిటికంటె ముందు నిర్ణయింపవలసినది మరలు వేళ. వచ్చిన దారినే వెనుదిరుగు నడకలో అలసినవాడు ఎచ్చట నిలిచినను తనకు తెలిసిన దారియే వెనుక నుండును. చుట్టుదారిలో సగమునకు చేరినప్పుడు ముందునకు పోయినను వెనుకకు వచ్చినను దూర మొక్కటియే యగును గనుక, తెగించి నిర్ణయింపవలసిన చోటు ఆ సగమునకు ఈవలనే యుండవలెను. స్కాట్లండు పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక కొలతను చెప్పెను: 3 మైళ్ల నడకకు ఒక గంట, ఎక్కవలసిన ప్రతి 2,000 అడుగుల ఎత్తునకు మఱియొక గంట. అది దేహదార్ఢ్యము గలవాడు తిన్నని దారిలో నడచునప్పటి లెక్క. రాతినుండి రాతికి అడుగు వేయుచు వాగు దాటవలసిన చోట, వృద్ధులు, పిల్లలు కలిసిన బృందమునకు దానిని రెట్టింపు చేసికొన్నను అధికము కాదు. బృందమునకు ప్రమాణము అందఱికంటె మెల్లగా నడచువాడే. అతనిని వెనుక విడిచి యువకులు ముందునకు ఉఱుకుట నేను తఱచుగా చూచు దృశ్యము. చూచిన ప్రతిసారియు మనసు కలుక్కుమనును.

జ్వాలా నరసింహుని సన్నిధికి చేరువైనకొలదియు ఇరుప్రక్కల ఎఱ్ఱని రాతిగోడలు దగ్గఱై, మీది కొండచఱియ అంచునుండి నీరు దారిమీదనే పడుచుండును. వానకాలమున అది తెరవలె దిగును. ఎండలు ముదిరినప్పుడు చుక్కలు చుక్కలుగా రాలును. కాని ఆ చుక్కలు పడుచోట రాయి నాచు పట్టి, చూచుటకు పొడిగానే యున్నట్లుండి, కాలు మోపినంతనే జాఱును. చేతికఱ్ఱ విలువ అచ్చట తెలియును. ఆపైన ఉగ్రస్తంభము. నరసింహస్వామి చీల్చుకొని వెలువడినదని చెప్పుకొను ఆ శిఖరమును చూడవలెనను కోరిక ఎవరికైనను కలుగును. కాని అది చుట్టుదారికి వెలుపలిది, మిక్కిలి నిటారైనది. జ్వాలా సన్నిధికి చేరునప్పటికే మధ్యాహ్నమైనచో ఉగ్రస్తంభమును మఱియొక యాత్రకు విడిచిపెట్టవలెనని తెల్లవాఱుజామున బయలుదేరునప్పుడే అందఱును ఒప్పుకొనవలెను. ఎక్కిన తరువాత చర్చ మొదలుపెట్టినచో ఉత్సాహమే గెలుచును, వివేకము ఓడును.

నడకకు కార్తీకము మొదలు మాఘము వఱకు అనువైన కాలము. ఐనను ఆ దినములలో పగలు చిన్నది. లోయలో సూర్యుడు కనుమఱుగగుట మైదానముకంటె చాల ముందు. పులులును ఎలుగులును తిరుగు అడవి యగుటచే చీకటిలో ఆ దారిని ఉండుట తగదు. టార్చిలైటు జేబులో నుండవలసినది చీకటిలో నడచుటకు గాదు, ఆలస్యమైనచో ఆపద గడచుటకు. వానకాలమున మన నెత్తిన చినుకు లేకున్నను ఎగువ కొండలలో కుఱిసిన వాన గడియలో వాగును నింపగలదు. ఆనాటి దారి సంగతిని, అటవీశాఖవారి అనుమతిని ముందురోజుననే దిగువ అహోబిలమున విచారించి తెలిసికొనవలెను. మనిషికి 3 లీటర్ల నీరు, ఉప్పు కలిపిన నిమ్మరసము, మధ్యాహ్నము వఱకు చెడిపోని పులిహోర చాలును. వానిని భుజమునకు తగిలించు సంచిలో నుంచుకొనవలెనే గాని చేతిలో ప్లాస్టిక్ సంచిని వ్రేలాడవేసికొన్నచో కోతులు లాగికొనును. అవి చించి పాఱవేసిన సంచులు భవనాశినిలో తేలుచుండుట చూచి బాధపడనివాడు ఆ నీటిని తీర్థమని తలకు చల్లుకొనుటకు అర్హుడు కాడు.

తోడు విషయమున నా అభిప్రాయము దృఢమైనది. స్వామిని తమ అల్లునిగా తలంచు చెంచులకును, చుట్టుపట్ల గ్రామములవారికిని ఈ కొండ తెలిసినట్లు ఏ ఫోనులోని పటమునకును తెలియదు. వారిలో నొకరిని తోడు తీసికొని, ఉదయముననే కూలి నిర్ణయించి, నడుమనుండి మరలివచ్చినను ఆ కూలి పూర్తిగా నిత్తుమని ముందే చెప్పవలెను. అట్లు చెప్పినచో మబ్బు పట్టినప్పుడుగాని, మనలో నొకని కాలు తడబడినప్పుడుగాని, “ఇక చాలు, దిగుదము” అనుటకు అతడు జంకడు.