దాటినవాడిదేనా దోషం?



ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు కర్త, కర్మ, క్రియ నేర్పినవాణ్ణి. అందువల్లనేమో, పత్రికలోని జిల్లా పుటలో ప్రమాదవార్త చదివినప్పుడల్లా నా చేయి ఎఱ్ఱసిరా కలం కోసం వెదకుతుంది. రోడ్డు దాటుతుండగా వాహనం ఢీకొని మహిళకు గాయాలు - ఇదీ వార్త. దాటినది మనిషి, ఢీకొన్నది వాహనం. మరి నడిపినవాడేడీ? ఆ చోట అంత వేగానికి వీలిచ్చిన దారిని కట్టినవారేరీ?

ఇది కేవలం వ్యాకరణదోషమైతే దిద్ది ఊరుకొందును. నా పూర్వవిద్యార్థి తల్లి ఒకామె వేరుశనగ చేనికి కూలికి పోయి, మునిమాపువేళ తిరిగివస్తూ రహదారి దాటుతుండగా కారు తగిలి కాలు పోగొట్టుకొన్నది. పరిహారపు దావాలో ఎదుటిపక్షం వకీలు మొదటి మాట "ఆమె చూసుకోలేదు" అని. చూసుకొనే దాటింది తల్లి. అల్లంత దూరాన కనబడిన దీపం రెప్పపాటులో మీదికి వస్తుందని ఎవరు లెక్కగట్టగలరు?

మా పాలమూరు సీమలో ఊళ్ళు ముందు పుట్టాయి, వెడల్పు దారులు తరువాత వచ్చాయి. 44వ జాతీయ రహదారి వనపర్తి జిల్లాలో కొత్తకోట, పెబ్బేరులను ఒరసుకొని, గద్వాల జిల్లాలో ఎర్రవల్లి, అలంపురం చౌరస్తాల మీదుగా కర్నూలుకు పోతుంది. నాగర్‌కర్నూలు జిల్లాలో వెల్దండ, మన్ననూరుల మీదుగా శ్రీశైలం దారి ఉన్నది. ఇల్లు ఒక ప్రక్క, చేను మరొక ప్రక్క ఉన్నవారికి దాటడం సరదా కాదు, బ్రతుకుతెరువు.

"అండర్‌పాస్‌ గుండా పోరాదా?" అనేవారున్నారు. పాదచారికీ బాధ్యత ఉన్నది, కాదనను. చెవిలో ఫోను పెట్టుకొని అడ్డంగా నడిచేవాణ్ణి నేను వెనకేసుకు రాను. కాని నెత్తిన గడ్డిమోపుతో ఉన్న ముసలమ్మను కిలోమీటరు చుట్టు తిరిగి రమ్మనడం న్యాయమా, కారువాణ్ణి అరనిమిషం నెమ్మదిగా పొమ్మనడం న్యాయమా?

చట్టం ఆమె పక్షాననే ఉన్నది. 2017 నాటి చోదన నిబంధనల ప్రకారం సిగ్నలు లేని జీబ్రా గీతల వద్ద ముందుగా సాగే హక్కు పాదచారిది. 2019 సవరణతో వచ్చిన 198-ఎ సెక్షను, ప్రమాణాలు పాటించని రోడ్డు వల్ల ప్రాణమో అవయవమో పోతే దానికి బాధ్యుడైన అధికారికి, గుత్తేదారుకు లక్ష రూపాయల వరకు జరిమానా అన్నది. ప్రాణానికి లక్ష! ఆ లక్షనైనా అడుగుతున్నదెవరు? 2023లో దేశంలో రోడ్లపై మరణించిన 1,72,890 మందిలో 35,221 మంది పాదచారులే. అయిదుగురిలో ఒకరు! వీరందరూ చూసుకోనివారేనా?

వేగం 50 కిలోమీటర్ల నుండి 65కు పెరిగితే కారు తగిలిన పాదచారికి చావుముప్పు నాలుగున్నర రెట్లవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆ పదిహేను కిలోమీటర్ల తగ్గింపును ఊరి ముందర అడగడం అత్యాశా?

నేను కోరేది స్వల్పం. జనం దాటేచోట దీపం, గీతలు, వేగానికి కళ్ళెం ఉండాలి. కేసు వ్రాసే పోలీసులు, వార్త వ్రాసే విలేకరులు వేగమెంత, దీపమున్నదా, గీతలున్నవా, దాటడానికి వేరే త్రోవ ఎంత దూరమో కూడా వ్రాయాలి. ఇవేవీ వ్రాయకుండా "ప్రమాదవశాత్తు" అని ముగించడం కర్తను దాచిపెట్టడమే.

మీ ఊరి బస్సుస్టాండు ముందు ఒక సాయంత్రం పావుగంట నిలబడి, ముసలివాళ్ళు ఎలా దాటుతున్నారో చూడండి. ఆ తరువాత చెప్పండి, దోషం ఎవరిదో.