బొడ్డుతాడు బేరం

పుట్టగానే కోసి పాతిపెట్టే బొడ్డుతాడు మీద ఇప్పుడు వ్యాపారం నడుస్తోంది. 'బిడ్డ బొడ్డుతాడు రక్తం దాచిపెట్టుకోండి, రేపు ఏ పెద్దరోగమొచ్చినా అదే కాపాడుతుంది, ఇంటిల్లిపాదికీ బీమా' అంటూ కాన్పుకొచ్చినామె దగ్గరకు ఏజెంట్లు వస్తున్నారు. ఖర్చు వేలల్లో మొదలై లక్ష దాకా పోతుంది. చేతిలో లేకుంటే వాయిదాల్లో కట్టమంటారు. నొప్పుల మీదున్న తల్లి ఏమని వద్దంటుంది? బిడ్డ మీద ప్రేమ లేదా అని అడిగినట్టుంటుంది ఆ మాట. అందుకే ఈ సంగతి మన వాడల్లో కాన్పుకు ముందే మాట్లాడుకోవాలి.

బొడ్డుతాడు మనకు కొత్తది కాదు. నిన్నమొన్నటి దాకా పల్లెల్లో దొరల ఇళ్లల్లో బొడ్డు కోసిందెవరు? మాయ పాతిపెట్టిందెవరు? పురిటిగుడ్డలు ఉతికిందెవరు? మాల, మాదిగ, మంగలి, చాకలి ఇళ్ల ఆడవాళ్లే గదా. బిడ్డను భూమ్మీదకు తెచ్చిన మంత్రసాని చేతికి దక్కింది నాలుగు గింజలు, ఒక పాత చీర, పైగా మైల అన్న పేరు. ఆ మైల రక్తాన్నే ఇవాళ కంపెనీలు సున్నాకు 196 డిగ్రీల కింద, ద్రవ నత్రజనిలో భద్రంగా పెడుతున్నాయి. మైల పోయి ధర వచ్చింది. ఆ ధర ఎవరికోసమో చూద్దాం.

సైన్సును మనం కాదనటం లేదు. బొడ్డుతాడు రక్తంలో కొత్త రక్తాన్ని పుట్టించే మూలకణాలున్నాయి. 1988లో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆస్పత్రిలో డాక్టర్ ఎలియాన్ గ్లక్‌మాన్ బృందం, ఫాంకోనీ ఎనీమియా అనే జబ్బున్న పిల్లవాడికి ఈ రక్తం ఎక్కించి బతికించింది. తర్వాత రక్త కాన్సర్లకూ, తలసీమియాకూ, సికిల్ సెల్‌కూ దీన్ని వాడారు. అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి. పారిస్‌లో ఆ పిల్లవాణ్ణి బతికించింది వాడి సొంత రక్తం కాదు, అప్పుడే పుట్టిన చెల్లెలి రక్తం.

'ఎవరి రక్తం వాళ్లకే' అన్న దగ్గరే మోసముంది. తలసీమియా, సికిల్ సెల్ పుట్టుకతో వచ్చే జబ్బులు. ఆ లోపం బిడ్డ బొడ్డుతాడు రక్తంలోనూ ఉంటుంది. తెగులున్న విత్తనాన్నే గాదెలో దాచి మళ్లీ చల్లితే తెగులు పోతుందా? పిల్లల రక్త కాన్సర్లలో కూడా ఆ బీజం పుట్టకముందే రక్తంలో ఉండొచ్చని డాక్టర్లు సొంత రక్తం వాడటానికి వెనకాడతారు. పైగా ఒక తాడులో దొరికే కణాలు పెద్దయిన మనిషికి చాలాసార్లు చాలవు. సొంతానికి వాడుకోవటం కోసం దాచటానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత వైద్య పరిశోధనా మండలి 2017లోనే తన మార్గదర్శకాల్లో చెప్పింది. దీన్ని బీమాగా ప్రచారం చెయ్యటం తప్పని పిల్లల డాక్టర్ల జాతీయ సంఘం 2018లో అన్నది. ఈ మాటలు ఏజెంటు చేతిలోని రంగు కాగితంలో ఉండవు.

దాచింది భద్రమా అంటే అదీ చెప్పలేం. సింగపూర్‌లో ఒక ప్రైవేటు బ్యాంకు ట్యాంకులో చల్లదనం తప్పి సుమారు 2,200 మంది పిల్లల రక్తం పాడైందని 2023 నవంబరులో అక్కడి ఆరోగ్య శాఖ బయటపెట్టింది. అంత కట్టుదిట్టమైన దేశంలోనే అట్లా జరిగింది.

ఇంకో ముఖ్య సంగతి. బిడ్డ పుట్టాక తాడు కొట్టుకుంటూనే ఉంటుంది. ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి కోస్తే 80 నుంచి 100 మిల్లీలీటర్ల దాకా రక్తం బిడ్డ ఒంట్లోకి పోతుంది. పసిగుడ్డు ఒంట్లో మొత్తం రక్తమే పావులీటరు. ఆ రక్తంలోని ఇనుము నెలల తరబడి బిడ్డకు ఆసరా. అందుకే ఒక్క నిమిషమైనా ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఊపిరందని బిడ్డ అయితే అది డాక్టరు చూసుకోవాలి. సీసా నింపాలనుకునేవాడికి మాత్రం తొందరగా కోస్తేనే లాభం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఈ దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత. రక్తం లేక పాలిపోయిన బిడ్డ వాటా రక్తాన్ని డబ్బు కట్టి మరీ ఫ్రిజ్జులో పెట్టాలా? బిడ్డ రక్తానికి మొదటి బ్యాంకు బిడ్డ ఒళ్లే.

మరి ఈ రక్తం ఎవరికీ అక్కర్లేదా? ఉంది. ఇంట్లో ముందు పుట్టిన బిడ్డకు తలసీమియానో, సికిల్ సెల్లో, రక్త కాన్సరో ఉండి, డాక్టరు చెబితే, తర్వాతి కాన్పులో దాచాలి. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల రక్తం పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. మిగతావాళ్లకు దారి ఉమ్మడి బ్యాంకు. 1992లో న్యూయార్క్‌లో అట్లాంటిది మొదలైంది. డబ్బు తీసుకోకుండా ఎవరైనా ఇస్తారు, కలిసినవాళ్లకు వాడతారు. అది ఊరబావి. ప్రైవేటు బ్యాంకు పెరటిబావి. చందాదారులంతా పంచుకునే పద్ధతి పెట్టామని కొన్ని కంపెనీలు అంటున్నాయి. చందా కట్టలేనోడు ఆ బావి గట్టు కూడా ఎక్కలేడు. బావి గట్టు ఎక్కనివ్వకపోవటం ఎట్లుంటదో మనకు ఒకరు చెప్పాల్నా?

మనం అడగాల్సినవి ఇవి. ప్రతి సర్కారు ఆస్పత్రిలో తాడు ఆగి కొయ్యాలి. కాన్పుల వార్డుల్లోకి ఏజెంట్లను రానివ్వొద్దు. గర్భిణికీ, భర్తకూ తలసీమియా, సికిల్ సెల్ పరీక్ష ఉచితంగా చెయ్యాలి. 2047 నాటికి సికిల్ సెల్‌ను లేకుండా చేస్తామని కేంద్రం 2023లో మొదలుపెట్టిన పథకం ఆదిలాబాద్, భద్రాచలం, విశాఖ మన్యం గూడేలకు మందులతో సహా చేరాలి. మజ్జ మార్పిడి ఖర్చంతా ప్రభుత్వమే భరించాలి. ఉమ్మడి బ్యాంకు ప్రజల సొమ్ముతో నడవాలి.

కార్యకర్తలకు ఒక మాట. వాడలో నెలలు నిండిన ప్రతి తల్లి దగ్గరకూ ఏజెంటు కంటే ముందు మనం పోవాలి. బిడ్డ భవిష్యత్తుకు అప్పు చెయ్యొద్దు, ఆకుకూర, గుడ్డు, ఇనుము మాత్రలు ముందు నీ ఒంటికి చేరనియ్యి అని చెప్పాలి. తాడు కొయ్యటానికి ఒక నిమిషం ఆగమని అడిగే హక్కు నీకుందని చెప్పాలి. ఆ నిమిషానికి పైసా ఖర్చు లేదు.